పీతకు మూత, మూతకు తలుపు

ఉప్పురేవు పట్నంలో పీత అంటే కూర. ఇగురు ఇష్టమైనవాళ్ళు ఇగురు పెట్టుకుంటారు, పులుసు ఇష్టమైనవాళ్ళు పులుసు పెట్టుకుంటారు. అంతకు మించి పీత గురించి ఆ ఊళ్ళో ఎవరికీ వేరే అభిప్రాయం లేదు. అలాంటి ఊరికి బదిలీ మీద వచ్చిన ఒక పెద్ద అధికారి గారి భార్య, ముందుగదిలో గాజుతొట్టి పెట్టించి, సగం ఇసుక, సగం నీళ్ళు పోసి, చొక్కా బొత్తామంత పీతల్ని పెంచడం మొదలుపెట్టింది. ఊదారంగు కాళ్ళు, పసుప్పచ్చ కళ్ళు. అవి అటు పూర్తిగా నీళ్ళలోనూ ఉండవట, ఇటు పూర్తిగా నేలమీదా ఉండవట. కాస్త తడి, కాస్త నీడ, నాలుగు ఎండుటాకులు ఉంటే సర్దుకుపోతాయట. వాటిని తినకూడదట, చూడాలట.

చూడ్డానికి వెళ్ళిన ఆడవాళ్ళు ఇంటికొచ్చి మొగుళ్ళ ప్రాణం తీశారు. కొద్దిరోజుల్లోనే గాజుతొట్టి లేని ఇల్లు బీరువా లేని ఇల్లులా చిన్నబోయింది. చేపల మార్కెట్టు వెనక సైకిళ్ళ షాపు సుబ్బరాయుడు పంపులూ పంక్చరు సామానూ అటకెక్కించి పెంపుడు పీతల కేంద్రం తెరిచేశాడు.

జనం ఏదైనా తమంతట తాము చేసుకుంటూ సుఖంగా ఉంటే చూస్తూ ఊరుకోవడం ప్రభుత్వానికి మర్యాద కాదు. అందుకని 'అర్ధభూచర పెంపుడు కర్కాటక గుర్తింపు మరియు గృహవసతి మండలి' అని ఒకటి పెట్టారు. ఆ పేరు ఒక బోర్డు మీద పట్టలేదు. గేటుకు అటొకటి, ఇటొకటి రెండు బోర్డులు రాయించారు. అటునుంచి వచ్చినవాళ్ళకు అది కర్కాటకం ఆఫీసు, ఇటునుంచి వచ్చినవాళ్ళకు గృహవసతి ఆఫీసు. ఇళ్ళస్థలాల కోసం దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళు కూడా కొందరున్నారు.

మండలికి అధికారిగా శేషావతారం గారు వచ్చారు. ఆయన అంతకు ముందు ఏవో గోడౌన్లు చూసేవారు. పీతను విస్తట్లో తప్ప ఎక్కడా చూడలేదని సభాముఖంగా ఆయనే చెప్పుకున్నారు. అనుభవం ఉన్నవాడికి అభిప్రాయాలుంటాయి, అభిప్రాయాలున్నవాడు నిష్పక్షపాతంగా ఉండలేడు అని పైవాళ్ళ ఉద్దేశం కాబోలు.

ఇంత జరుగుతున్నా వీరవేణి ఇంట్లో మాత్రం తొట్టి లేదు. పేరు వీరవేణి గానీ, ఆవిడ భయపడని వస్తువు భూమ్మీద లేదు. కుక్కరు ఈల వేస్తే పేలుతుందేమోనని భయం, వెయ్యకపోతే లోపల ఏం జరుగుతోందోనని భయం. మొగుడు తాతారావు ఐసు ఫ్యాక్టరీ నుంచి ఆలస్యంగా వస్తే ఐసు దిమ్మ మీద పడిందనుకునేది, వేళకు వస్తే పనిలోంచి తీసేశారనుకునేది. ఎనిమిదో తరగతి పరీక్షలో నెత్తిమీద ఫ్యాను కిర్రుమంటోందని సగం పేపరు రాసి లేచొచ్చేసింది. చదువు అక్కడితో సరి. ఫ్యాను ఇప్పటికీ తిరుగుతోంది.

వీళ్ళకు ఒక్కతే కూతురు, లిఖిత. ఆరో తరగతి. తల్లి భయాలన్నీ ఉగ్గుపాలతోనే తాగేసిన పిల్ల. మెట్లు దిగితే గోడ పట్టుకుని దిగేది. పక్కింటి పిల్లిని వీధి అవతల నుంచి పలకరించేది. బళ్ళో పిల్లలు ఉయ్యాల ఊగుతుంటే పక్కన నిలబడి లెక్కపెట్టేది.

ఆ పిల్ల ఒకరోజు తల్లితో వెళుతూ సుబ్బరాయుడి షాపు ముందు ఆగింది. ఎడమవైపు ఒక కాలు ఊడిపోయిన పీత ఒకటి విడిగా ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. అవిటిది ఎవరూ కొనరు, పారెయ్యాలి అన్నాడు సుబ్బరాయుడు. లిఖిత డబ్బాలో అరచెయ్యి పెట్టింది. పీత ఆలోచించుకుని ఆలోచించుకుని చేతి మీదకు ఎక్కింది. పిల్ల చెయ్యి లాక్కోలేదు.

"కరిస్తేనో?" అంది వీరవేణి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"కరిస్తే కరుస్తుందమ్మా," అంది లిఖిత.

అలాంటి మాట తన పుట్టింటివైపు గానీ అత్తింటివైపు గానీ ఎవరి నోటా వీరవేణి వినలేదు. ఆ మాట మీదే డబ్బా ఇంటికి పట్టుకొచ్చేసింది. పీతకు బొత్తాం అని పేరు పెట్టారు.

"పీతను ఇంటికి తెచ్చి, చంపకుండా, కూర్చోబెట్టి మేపుతారంటే మీ తల్లీకూతుళ్ళను ఎవరికైనా చూపించాలే," అన్నాడు తాతారావు. అన్నాడే గానీ, మర్నాడు ఫ్యాక్టరీ నుంచి పాత గాజుపలకలు తెచ్చి తొట్టి అతికించి పెట్టాడు. పిల్ల ఆ తొట్టి ముందు బోర్లా పడుకుని గడ్డం కింద చేతులు పెట్టుకుని గంటలకొద్దీ చూసేది. ఆ వారమే ఉయ్యాల కూడా ఎక్కిందని టీచరు చెప్పింది. వీరవేణి ఆ మాట విని సంతోషపడి, ఉయ్యాల గొలుసు తుప్పు పట్టిందేమోనని వెళ్ళి చూసొచ్చింది.

ఇంతలో మండలివారు మార్కెట్ వీధి కల్యాణమండపంలో అవగాహన సదస్సు పెట్టారు. పీతలున్న ప్రతి ఇంటినుంచీ ఒకరు హాజరు కావాలన్నారు. శేషావతారం గారు మైకు సవరించుకున్నారు.

"సోదర సోదరీమణులారా! కర్కాటకము అనునది ఒక జీవి. జీవి అన్న తరువాత దానికి గుర్తింపు ఉండవలెను. గుర్తింపు ఉన్న తరువాత దానికి వసతి ఉండవలెను. వసతి ఉన్న తరువాత దానికి నిబంధనలు ఉండవలెను. నిబంధనలు ఏమిటనునది ఇంకను పరిశీలనలో ఉన్నది. సందేహములు ఏవైనా ఉన్నచో అడగవచ్చును."

ఆయన ఉద్దేశం ఎవరూ అడగరనే. పక్కన టిఫిన్లు చల్లారిపోతున్నాయి. కానీ వీరవేణి లేచి నిలబడింది.

"అయ్యా, పీత తొట్టిలోంచి బయటికొచ్చేస్తేనో అండి?"

శేషావతారం గారు గుమాస్తా పరాంకుశం వైపు చూశారు. పరాంకుశం టిఫిన్ల వైపు చూస్తున్నాడు.

"చాలా మంచి ప్రశ్న. నోట్ చెయ్యవయ్యా పరాంకుశం."

నాలుగు రోజులు తిరక్కుండా సర్క్యులరు వచ్చేసింది. 'ఇందుమూలముగా యావన్మంది కర్కాటక యజమానులకు తెలియజేయునది ఏమనగా, ప్రతి తొట్టికిని మూత, ప్రతి మూతకును తాళము తప్పనిసరి. ఒక తాళంచెవి యజమాని వద్దను, రెండవది మండలి కార్యాలయమునందును ఉండవలెను.'

ఊరంతా తాళాల కోసం పరిగెత్తింది. తరువాతి సదస్సులో మళ్ళీ సందేహాలడిగారు. మళ్ళీ వీరవేణే లేచింది.

"తాళం వేసేశాక ఇంట్లో నిప్పంటుకుంటేనో అండి? పాపం అదెలా బయటపడుతుందండి?"

శేషావతారం గారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. పరాంకుశం కలం తీశాడు. ఆ వారం సర్క్యులరు ప్రకారం తాళం వేసిన ప్రతి మూతకూ పక్కనే, ఎల్లవేళలా తెరిచి ఉంచిన అత్యవసర ద్వారం ఉండాలి. దాని మీద 'అత్యవసర ద్వారము' అని పీత కంటి ఎత్తులో రాయించాలి.

ద్వారాలు పెట్టిన రోజే ఊళ్ళో సగం పీతలు అత్యవసరంగా వెళ్ళిపోయాయి. మూతలకు తాళాలు మాత్రం గట్టిగా ఉన్నాయి. లిఖిత ఆ సంగతి ముందే కనిపెట్టి బొత్తాం తలుపుకు తడి కొబ్బరిపీచు కూరింది. అడిగితే అది తలుపు కర్టెన్ అని చెప్పమంది.

పక్కింటి ఆదెమ్మ పిట్టగోడ మీద నుంచి తగులుకుంది.

"ఒసేయ్ వేణీ, నీ నోటికి కూడా ఓ తాళం వేయించుకోవే! నువ్వు లేచి నిలబడ్డప్పుడల్లా నా కొంపకో ఖర్చొచ్చి పడతంది."

"అది కాదు వదినా, మనసులో భయం పెట్టుకుని ఎలా ఊరుకోనే?"

"మేం ఊరుకోట్లా? మాకు భయాల్లేవా? అందరం కడుపులో పెట్టుకుని తిరగట్లా?"

నిజం చెప్పాలంటే, వీరవేణికి లోపల్లోపల ఇంకో సంగతి ఉంది. పుట్టింట్లో భయపడితే నాన్న నవ్వేవాడు. అత్తింట్లో అత్తగారు తలకొట్టుకునేది. తాతారావు అయితే "ఇంకా ఏమైనా మిగిలాయా?" అని దుప్పటి ముసుగు పెట్టేవాడు. పుట్టి బుద్ధెరిగాక తన భయాన్ని శ్రద్ధగా విని, పక్కనున్నవాడిచేత రాయించి, స్టాంపు వేయించిన మొదటి మనిషి శేషావతారం గారు. అంత పెద్ద ఆఫీసరు "ఇంకా చెప్పండమ్మా" అంటుంటే ఏ ఆడమనిషి నోరు కట్టేసుకుంటుంది?

శేషావతారం గారికి కూడా ఆవిడ బాగా పనికొచ్చింది. ఆయన సర్వీసు మొత్తంలో సొంతంగా ఒక్క సందేహం పుట్టించిన మనిషి కాదు. సందేహం లేనిదే నిబంధన లేదు, నిబంధన లేనిదే విభాగం లేదు, విభాగం లేనిదే సిబ్బంది లేరు. వీరవేణి మూత గురించి అడిగితే మూతల విభాగం వచ్చింది. నిప్పు గురించి అడిగితే ద్వారాల విభాగం వచ్చింది. రెండు విభాగాలూ ఒకదాన్నొకటి తనిఖీ చేసుకోవడానికి సమన్వయ విభాగం వచ్చింది. మండలి మేడ మీద మేడ కట్టుకుంటోంది. చివరికి ఆవిణ్ణి 'శాశ్వత సందేహ సభ్యురాలు'గా నియమించి శాలువా కప్పారు. శాలువాలో పురుగేమైనా ఉందేమోనని వీరవేణి దులుపుకుని కప్పుకుంది.

సభ్యురాలయ్యాక మొదటి సమావేశంలో ఆవిడ అడిగింది. "అయ్యా, ఊళ్ళో కూర పీతలూ ఉన్నాయి, పెంచుకునే పీతలూ ఉన్నాయి కదండీ. పొరపాటున ఒకటి అనుకుని ఇంకోటి వండేస్తేనో?"

శేషావతారం గారి కళ్ళు చెమర్చాయి.

పీతజాతిని రెండు వర్గాలు చేశారు. 'కూర వర్గము', 'కుటుంబ వర్గము'. కుటుంబ వర్గపు పీత ఉన్న ఇంట్లో కూర వర్గపు పీతను వండాలంటే అనుమతి తీసుకోవాలి, వండేటప్పుడు తొట్టికి తెర కట్టాలి, వాసన తొట్టివైపు వెళ్ళకుండా ఇంటిలో పెద్దవారెవరైనా విసనకర్రతో నిలబడాలి.

ఆదివారం తాతారావు పీతలు తెచ్చి, తెర కట్టి, విసనకర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమే, నేను తినడానికి తెచ్చుకున్నదానికి నేనే విసురుకోవాలా?"

"రూలండీ. మెల్లిగా మాట్లాడండి, దానికి వినపడుద్ది."

"ఆ రూలు పెట్టించింది ఎవరే?"

వీరవేణి ఉల్లిపాయలు తరుగుతున్నట్టు కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలు అప్పటికే వేగిపోయాయి.

అంతటితో ఆగినా బాగుండేది. తరువాతి సమావేశంలో ఆవిడకు ఇంకో దిగులు పట్టుకుంది. ఆసుపత్రుల్లో పసిబిడ్డలు మారిపోతారని ఎక్కడో విన్నది. పీతలన్నీ ఒకేలా ఉంటాయాయె.

"ఒకరి పీత ఇంకొకరి ఇంటికి మారిపోతేనో అండి?"

"గుర్తింపు కార్డు!" అన్నారు శేషావతారం గారు, బల్ల గుద్ది.

"కార్డుతో పీత సరిపోకపోతేనో అండి?"

"సరిపోని పీత అనామక పీత. అనామక పీతకు కుటుంబము లేదు. కుటుంబము లేనిది కుటుంబ వర్గములో ఉండజాలదు. కనుక కూర వర్గమునకు బదిలీ చేయబడును."

"ఎవరైనా అలాంటిదాన్ని ఇంట్లో దాచేస్తేనో అండి?"

"ఇల్లంతా సోదా! బియ్యపు డబ్బాలు, బిందెలు, పప్పుల సీసాలు, పరుపు కింద, అటక మీద. రాశావా పరాంకుశం?"

పరాంకుశం రాశాడు. ఆ పూట వీరవేణి ఇంటికి తృప్తిగా వచ్చింది. అన్ని దారులూ మూసేసినట్టు అనిపించింది.

గుర్తింపు శిబిరం మునిసిపల్ బడిలో జరిగింది. ప్రతి పీతనూ తెల్లగుడ్డ మీద పెట్టి, భూతద్దంతో చూసి, నలువైపులా ఫొటో తీసి, కొండి ముద్ర తీసుకున్నారు. కొన్ని పీతలు ముద్ర వేయడానికి బదులు పరాంకుశం బొటనవేలికే ముద్ర వేశాయి. బొత్తాం వంతు వచ్చినప్పుడు శేషావతారం గారే స్వయంగా వంగి చూశారు.

"ఎడమ ప్రక్క మూడవ కాలు లేదు. భేష్! ఇంత స్పష్టమైన గుర్తు ఏ పీతకూ లేదు. శాశ్వత గుర్తింపు చిహ్నముగా నమోదు చెయ్యి."

లిఖిత ఏదో చెప్పబోయింది. వీరవేణి పిల్ల భుజం నొక్కి ఊరుకోమంది.

మొదటి తనిఖీ ఆదెమ్మ ఇంట్లో జరిగింది. శాశ్వత సభ్యురాలు కాబట్టి వీరవేణి కూడా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆదెమ్మ పీత పేరు రాణి. తొట్టి తెరిచి చూస్తే ఇసుక మీద రాణి కదలకుండా పడుకుని ఉంది. టెంకాయచిప్ప కింద ఇంకొక పీత, కాస్త పెద్దది, పాలిపోయి, మెత్తగా ఉంది.

"అమ్మా, ఒక కార్డుకు ఇద్దరు పీతలా?" అన్నారు శేషావతారం గారు.

"ఇద్దరు కాదండీ బాబూ, ఒకటే. పీతలు పెరిగినప్పుడు పాత డొల్ల విప్పేసి బయటికొస్తాయి కదండీ. ఇసక మీదున్నది వట్టి డొల్ల. చిప్ప కిందున్నదే మా రాణి."

శేషావతారం గారు కార్డు తీశారు. డొల్లను గుడ్డ మీద పెట్టారు. వీపు మీద మచ్చ సరిపోయింది. కొండి కొలత సరిపోయింది. రంగు సరిపోయింది. తరువాత బతికున్నదాన్ని పెట్టారు. మచ్చ లేదు, కొలత లేదు, రంగు లేదు.

"కార్డు ప్రకారం ఇది రాణి," అన్నారు డొల్లను చూపించి. "అది అనామకము."

"ఇందులో ప్రాణం లేదండీ!"

"కార్డులో ప్రాణము అను గడి లేదమ్మా."

ఆదెమ్మ గుండెలు బాదుకుంటుంటే బతికున్న రాణిని డబ్బాలో వేసుకుని రేవు దగ్గర వేలం పెట్టారు. బొత్తామంత పీతను ఎవడు పాడతాడు? ఎవరూ పాడకపోయేసరికి నిబంధన నెరవేర్చడం కోసం మండలివారే పులుసు పెట్టించారు. గిన్నెలో పీత కనిపించలేదని వంటమనిషిని సంజాయిషీ అడిగారు.

డొల్లను మాత్రం శేషావతారం గారు తొట్టిలో యథాస్థానంలో పెట్టించి చాలాసేపు చూశారు. అది పారిపోలేదు. కరవలేదు. తిండి అడగలేదు. అత్యవసర ద్వారం వైపు కన్నెత్తి చూడలేదు.

"ఇదీ ఆదర్శ పీత అంటే," అన్నారు పరాంకుశంతో.

వీరవేణి కుర్చీలోంచి లేచేటప్పుడు ఆదెమ్మ ఒక్కమాటే అంది. "నా రాణిని నీ నోటితోనే తినేశావే." అంతకు ముందు తిట్టిన తిట్లన్నీ కలిపినా అంత లేదు. వీరవేణి ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

అప్పటినుంచి ఆ వీధి, ఈ వీధి తనిఖీలు సాగుతూనే ఉన్నాయి. పీతలు పెరుగుతూనే ఉన్నాయి, డొల్లలు విప్పుతూనే ఉన్నాయి. రికార్డుల్లో డొల్లలు నిలబడ్డాయి, బతికినవి పులుసులోకి పోయాయి. మండలి లెక్క ప్రకారం ఉప్పురేవులో కుటుంబ వర్గపు పీత ఒక్కటి కూడా చనిపోలేదు. మిగతా ఊళ్ళవాళ్ళు వచ్చి చూసి నేర్చుకుని వెళుతున్నారు.

ఒకనాడు పొద్దున్నే, బడికి జడ వేస్తుంటే లిఖిత దువ్వెన మధ్యలో వదిలేసి తొట్టి దగ్గరికి పరిగెత్తింది.

"అమ్మా! బొత్తాం!"

వీరవేణి చూసింది. ఇసుక మీద బొత్తాం వెల్లకిలా పడుంది. కాళ్ళు కొద్దిగా ముడుచుకుని, కళ్ళు తెరిచి. వీరవేణి నేల మీద కూలబడింది. "నేను అనుకుంటూనే ఉన్నానే..." అని మొదలుపెట్టింది.

"అయ్యో, ఏడవకమ్మా. బతికే ఉంది. చొక్కా విప్పేసింది," అంది లిఖిత, నవ్వుతూ. "అటు చూడు, ఎండుటాకు కింద. దానికి కాలొచ్చిందమ్మా! ఊడిపోయిన కాలు మళ్ళీ వచ్చింది!"

ఆకు కింద పాలిపోయిన బొత్తాం. ఎడమ పక్కన, దారప్పోగంత సన్నగా, లేతగా, కొత్త కాలు.

"ఆ రోజు సార్‌కి అదే చెప్పబోయాను. మళ్ళీ వస్తుంది, శాశ్వతం అని రాయకండీ అని. నువ్వే నొక్కేశావు."

పిల్ల ఆ కాలును చూసి మురిసిపోతోంది. తల్లికి ఆ కాలులో మరణశాసనం కనపడింది. కార్డులో కాలు లేదు. పీతకు కాలుంది. సరిపోదు. సరిపోనిది కూర. ఆ మాట ఎవరు అనిపించారు? సోదా ఎవరు పెట్టించారు? బియ్యపు డబ్బా అనలేదు గానీ, దాచేస్తేనో అని అడిగింది తనేగా. తన భయాలన్నీ ప్రభుత్వ ముద్ర వేయించుకుని తన ఇంటి మీదకే వస్తున్నాయి.

"పిల్లా, దీన్ని సుబ్బరాయుడికి ఇచ్చేద్దాం."

"షాపుల్లో రోజూ తనిఖీ చేస్తున్నారమ్మా."

"కాలవలో వదిలేద్దాం."

"ఆ కాలవ ఉప్పునీళ్ళలో ఇది బతకదమ్మా. ఇది అక్కడి పీత కాదు." ఈసారి లిఖిత నవ్వలేదు. "అమ్మా, దాన్ని పట్టుకెళ్తారా?" అంది.

ఎప్పుడూ తనే అడిగే మాట. పోతేనో, పడితేనో, పట్టుకెళ్తేనో. కూతురి నోట వింటే అది ఎలా ఉంటుందో వీరవేణికి అప్పుడు తెలిసింది.

తాతారావు ఆ సాయంత్రం అంతా విని, దుప్పటి ముసుగు పెట్టలేదు. "డొల్లను ఉంచు. అడిగితే అదే బొత్తాం అని చెప్పు. రెండోదాన్ని ఎక్కడ పెడతావో నీ ఇష్టం," అన్నాడు. ఎక్కడ పెట్టాలన్నదే వీరవేణికి పాలుపోలేదు. ఆవిడ ఎంత ఆలోచించినా, ఆవిడకు తోచిన ప్రతి చోటూ సర్క్యులర్లో ఉంది.

కొత్త పెంకు ఇంకా గట్టిపడీ పడకుండానే తనిఖీవాళ్ళు వచ్చేశారు. జీపు చప్పుడు వినగానే లిఖిత తొట్టిలో చెయ్యి పెట్టింది. బొత్తాం చెయ్యెక్కింది. రెండో చెయ్యి పైన కప్పి, పిల్ల గోడకు ఆనుకుని, రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

శేషావతారం గారు చాలా ఆప్యాయంగా లోపలికి వచ్చారు. "శాశ్వత సభ్యురాలి గృహము! ఇక్కడ తనిఖీ అనునది లాంఛనమే. అయినను లాంఛనము లాంఛనమే."

లాంఛనంగా బియ్యం డబ్బా బోర్లించారు. పప్పుల సీసాలు ఖాళీ చేశారు. పరుపు తిరగేశారు. తొట్టిలో ఇసుక అంతా పళ్ళెంలో పోసి జల్లించారు. చివరికి డొల్లను గుడ్డ మీద పెట్టి భూతద్దం తీశారు.

"ఎడమ ప్రక్క మూడవ కాలు... లేదు. భేష్. ఎంత ప్రశాంతంగా ఉన్నదో చూశావా పరాంకుశం? పెంపకము అంటే ఇదీ."

పరాంకుశం కార్డు మీద ముద్ర వేశాడు. అందరూ లేచారు. వీరవేణి ఊపిరి పీల్చుకునే లోపల శేషావతారం గారు మళ్ళీ కూర్చున్నారు.

"అమ్మా, అలవాటు ప్రకారం... సందేహములు?"

పరాంకుశం కలం మూత తీశాడు.

వీరవేణికి సందేహాలు లేకపోవడమా? మెత్తగా ఉంది కదా, పిల్ల చేతుల్లో నలిగిపోతేనో? తడి ఆరిపోయి ఊపిరాడకపోతేనో? వేళ్ళ సందులోంచి జారి నేల మీద పడితేనో? ఈయన పిల్లను ఇటు తిరగమంటేనో? అప్పుడే లిఖిత కింది పెదవి పళ్ళ కింద బిగపట్టింది. కళ్ళలో నీళ్ళు చటుక్కున నిండాయి. కరిచింది. కరిచి పట్టుకుంది. పిల్ల కదల్లేదు.

వీరవేణి కూతురి మొహం చూసింది. గొంతు దాకా వచ్చిన సందేహాలన్నిటినీ ఒక్క గుటకలో మింగింది.

"ఏం లేవండి," అంది.

శేషావతారం గారి మొహం వాడిపోయింది. "ఒక్కటైనా? ఆలోచించండమ్మా. కొత్త విభాగమునకు గది కూడా కట్టించి ఉంచినాము."

"లేవండి. అన్నీ బాగానే ఉన్నాయండి. నాకేం భయం లేదండి."

ఆ మాట విని వాకిట్లో నిలబడ్డ తాతారావు తలుపు పట్టుకున్నాడు.

శేషావతారం గారు దిక్కుతోచక ఇల్లంతా చూశారు. సొంతంగా ఏదైనా తడుతుందేమోనని చాలా కష్టపడ్డారు. చివరికి ఆయన చూపు లిఖిత మీద పడింది.

"అమ్మాయి చేతులు వెనక్కి ఎందుకు పెట్టుకుంది?"

ఇంట్లో అందరి ప్రాణాలూ పైకి పోయాయి. బొత్తాం ప్రాణం మాత్రం పిల్ల చిటికెనవేలు పట్టుకుని వేలాడుతోంది.

"వినయం అండి," అంది వీరవేణి. "పెద్దోళ్ళు ఇంటికొచ్చినప్పుడు అలాగే నిలబడమని నేర్పానండి. ఆయ్."

"వినయము!" శేషావతారం గారి మొహం మతాబాలా వెలిగింది. "కళ్ళలో నీళ్ళు కూడా! ఎంత భక్తి! పరాంకుశం, నోట్ చెయ్యవయ్యా!"

వారం తిరిగేలోపు సర్క్యులరు వచ్చింది. 'తనిఖీ సమయమునందు గృహమునందలి పిల్లలందరును చేతులు వెనుకకు ఉంచుకొని, గోడకు ఆనుకొని, వినయముగా నిలబడవలెను. సదరు చేతులను ముందుకు చాపమని అడుగుట అవినయమును ప్రోత్సహించుట అగును గనుక, సిబ్బంది అట్లు అడుగరాదు.' దీని అమలు చూడ్డానికి వినయ విభాగం పెట్టారు. ఖాళీగా ఉన్న గది దానికి సరిపోయింది.

సర్క్యులరు చదివి ఆదెమ్మ పిట్టగోడ దగ్గరికి వచ్చింది. చాలాసేపు వీరవేణిని ఎగాదిగా చూసి, సుబ్బరాయుడి షాపుకు కొత్త పీత కోసం వెళ్ళింది.

ఇప్పుడు ఉప్పురేవులో తనిఖీకి వెళ్ళిన సిబ్బందికి కూర్చున్న చోటే పని అయిపోతోంది. తొట్టిలో డొల్ల కార్డుతో సరిపోతుంది. గోడ పొడుగునా పిల్లలు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడతారు. మధ్యలో ఎవడో ఒకడు ఉన్నట్టుండి పళ్ళు బిగబట్టి, కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు.

ఇంత వినయం ఉన్న పిల్లల్ని తన సర్వీసులో ఎక్కడా చూడలేదని శేషావతారం గారు పైకి రాశారు.